సామేలుకు వినబడని గొంతు

ఆరేళ్ళ బరువు ఇది. ఎక్కడ దింపాలో తెలియక మోస్తూ తిరిగాను. మా ప్రార్థన మందిరంలో అందరూ కళ్ళు మూసుకుని ఎవరి తప్పులు వాళ్ళు మనసులో ఒప్పుకునే ఆ రెండు నిమిషాల్లో కూడా దీని పక్కనుంచి తప్పుకుని పోయేదాన్ని. కోపాలు ఒప్పుకున్నాను. చాడీలు ఒప్పుకున్నాను. కుట్టడానికిచ్చిన గుడ్డలో మిగిలిన ముక్క తిరిగివ్వకుండా దాచుకున్నది కూడా ఒప్పుకున్నాను. ఇది మాత్రం ఒప్పుకోలేదు. దేవుడికి తెలిసిందే కదా, మళ్ళీ చెప్పడమెందుకని సర్దుకున్నాను. నిజంగా అందుకేనా? లేక ఒకసారి మాటల్లో పెడితే నా చెవులతో నేనే వినాల్సి వస్తుందనా?

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. మా తమ్ముడి పేరు మాత్రం దాచలేను, నేను చేసిన పని ఆ పేరు మీదే నిలబడింది కాబట్టి. వాడి పేరు సామేలు. తాగుడు మానాలని వాడు పడుతున్న పాట్ల మధ్యలో, నేను వాడి నోట్లో ఒక అబద్ధం పెట్టాను. వాడు నిజం చెప్పేస్తానని వచ్చిన రోజున ఆ నోరు మూయించాను. ముందే చెప్పేస్తున్నాను. అసలు సంగతి చివరిదాకా దాచి ఊరించడం నాకు బాగా వచ్చిన విద్య. ఇక్కడ ఆ విద్య వాడదలచుకోలేదు.

ఆ విద్య గురించి కొంచెం చెప్పాలి. సముద్రం నడుమ ఉన్న ఈ దీవిలో, లంబాలైన్ అనే పేటలో, ఎయిర్‌పోర్టు గోడకు దగ్గర్లో మా ఇల్లు. కుట్టుమిషను మీద బతుకు. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చుంటే, నేను కాజాలు కుట్టేలోగా ఒక కథ చెప్పి నవ్వించి పంపేదాన్ని. వైజాగు నుంచి వచ్చే ఓడలో నడిసముద్రం మీద పుట్టాననీ, కెప్టెనే బొడ్డు కోశాడనీ, నాది ఏ ఊరో తేల్చలేక రేషను కార్డు వాళ్ళు మూడేళ్ళు తిప్పారనీ చెప్పేదాన్ని. నిజానికి పుట్టింది ఈ ఊళ్ళోనే, జంగ్లీఘాట్‌లో, మా అమ్మ నులకమంచం మీద. ఒకసారి విమానం మరీ కిందికి దిగి, తీగ మీద ఆరేసిన మా ఆయన లుంగీని చక్రానికి తగిలించుకుని మద్రాసు పట్టుకుపోయిందనీ, వారం తర్వాత అక్కడెవరో పుణ్యాత్ముడు ఇస్త్రీ చేయించి పోస్టులో పంపాడనీ చెబితే, పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నమ్మేవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు. నమ్మరని తెలిసే చెప్పేదాన్ని. ఎవరికీ నష్టం లేదు.

అయితే ఒకటి ఉంది. వయసు యాభైకి దగ్గరపడేసరికి ఆ నవ్వు నాకు చాలడం మానేసింది. ఎప్పుడైనా ఒక్కసారి, ఒక్క కథను జనం నిజంగా నమ్మితే ఎలా ఉంటుందోనని లోపల ఒక తీట. అప్పుడు నాకది తెలీదు. తెలిసి ఉంటే జాగ్రత్తపడేదాన్నా? ఏమో. పడేదాన్ని కానేమో.

సామేలు నాకంటే ఏడేళ్ళు చిన్న. జంగ్లీఘాట్ రేవు దగ్గర ఒక రేకుల షెడ్డులో డింగీల, అంటే చిన్న మోటారు పడవల, ఇంజన్లు బాగుచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వేట చేసుకునేవాళ్ళందరికీ వాడే దిక్కు. మాట తక్కువ. నడుస్తున్న ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, తల వంచి విని, జబ్బెక్కడో చెప్పేసేవాడు. తాగుడు ఎప్పుడు ముదిరిందో నేను చెప్పలేను. సాయంత్రాలు మొదలైంది. మధ్యాహ్నానికి జరిగింది. ఆ తర్వాత పొద్దున్నే చేతులు వణక్కుండా ఉండడానికే తాగాల్సి వచ్చింది. నట్టు పట్టుకోలేని చేతులతో మెకానిక్కు ఏం చేస్తాడు? వాడి భార్య కరుణ రెండుసార్లు సిప్పీఘాట్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయి రెండుసార్లూ తిరిగొచ్చింది. మూడోసారి వెళుతూ దారిలో నా దగ్గర ఆగి, ఇంక నావల్ల కాదు వదినా, నీ తమ్ముణ్ణి నువ్వే చూసుకో అంది.

చూసుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదు. అంతగా చూసుకున్న మనిషే ఇంత పని చేసిందని మీకు తెలియాలి.

ఆస్పత్రిలో తాగుడు మాన్పించే వార్డులో చేర్పించాను. మూడో రోజు వాడికి మతి చెదిరింది. మంచం మీద కూర్చుని, చేతిలో లేని స్పానరుతో, ముందు లేని ఇంజనును విప్పడం మొదలుపెట్టాడు. విప్పిన నట్లు ఒక్కొక్కటే తీసి నాకిచ్చాడు. జారనీకక్కా, వాషరుంది అన్నాడు. నేను దోసిలి పట్టి తీసుకున్నాను. కాదంటే వాడికి ఎక్కడలేని కంగారు వచ్చేది, అందుకని మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా తీసుకుంటూనే ఉన్నాను. ఏమీ లేని చేతులు అంత నొప్పి పుడతాయని నాకప్పటిదాకా తెలీదు. వాడు అలిసిపోయి పడుకున్నాక కూడా, దోసిలి విప్పితే అవన్నీ నేల మీద పడి చప్పుడవుతాయేమోనని కాసేపు అలాగే కూర్చున్నాను.

మూడు వారాలకు ఇంటికి తెచ్చాం. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే లంబాలైన్ నుంచి జంగ్లీఘాట్ వెళ్ళి, వాడి చేత మాత్ర మింగించి, టీ తాగించి, నాలుక ఎత్తించి చూసి, ఆ తర్వాతే వచ్చి మిషను ముందు కూర్చునేదాన్ని. నలభై దాటిన మనిషి. చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూపించేవాడు. సిగ్గుపడేవాడు కాదు. వారానికొకసారి ఆస్పత్రిలో ఒక బెంగాలీ ఆవిడ వాడితో మాట్లాడేది. మేం దీదీ అని పిలిచేవాళ్ళం. ఆవిడ ఒక మాట హిందీలో మా ఇద్దరికీ ఎన్నోసార్లు చెప్పింది. మళ్ళీ ఎప్పుడైనా జారతావు, అది జరిగేదే, అది పెద్ద సంగతి కాదు. దాచడం పెద్ద సంగతి. జారిన రోజునే ఎవరో ఒకరికి చెప్పు. వాడు తల ఊపాడు. నేనూ ఊపాను.

నాలుగు నెలలు ముట్టలేదు. చేతులు కుదురుకున్నాయి. రేవులో వాళ్ళు మళ్ళీ ఇంజన్లు తెచ్చి షెడ్డు ముందు పెట్టడం మొదలుపెట్టారు. కరుణ తిరిగొచ్చింది. అప్పుడు మా అయ్యగారు, మేం పాస్టరుగారిని అలాగే పిలుస్తాం, రాబోయే కృతజ్ఞత కూడికలో సామేలును సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే, దేవుడు తన బతుకులో ఏం చేశాడో ఒక మనిషి అందరి ముందు నిలబడి తన నోటితో చెప్పడం. మా తెలుగు మందిరాల్లో దానికున్న విలువ పాటకు లేదు, ప్రసంగానికీ లేదు.

కూడికకు రెండు రోజుల ముందు వాడు మా ఇంటికొచ్చి, నా ముందు నిలబడి అప్పజెప్పి చూశాడు. "బాగా తాగేవోన్ని. అక్క ఆస్పత్రిలో ఏసింది. మందులిచ్చేరు. రోజూ మింగుతున్నాను. నాలుగు నెల్లయింది. రేపటి సంగతి నాకు తెల్దు. నా కోసం ప్రార్థన చెయ్యండి."

అంతే.

నేను నవ్వాను. ఇది సాక్ష్యమా, మందుల చీటీయా అన్నాను. జనం ఆవలిస్తారన్నాను. వాడూ నవ్వాడు. మరైతే ఏటనాలో నువ్వే చెప్పు అన్నాడు. అంత తేలిగ్గా మొదలైంది.

బైబిల్లో సమూయేలనే పిల్లవాణ్ణి దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు. మా వాడి పేరూ అదే, మా నోళ్ళలో అరిగి సామేలయింది. నాకు అది చాలు. కుట్టుకుంటూనే కట్టేశాను. ఇంజను బాగుచేసి, ఎలా నడుస్తుందో చూడ్డానికి వాడు ఒక్కడే డింగీ తీసుకుని హార్బరు దాటాడు. నీళ్ళ మధ్యలో ఇంజను ఆగిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. విసుగొచ్చి, పనిముట్ల డబ్బాలో దాచిన సీసా తీశాడు. మూత తిప్పాడు. అప్పుడు నీళ్ళ మీద నుంచి ఒక గొంతు, సామేలూ అని. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. రెండోసారి. మూడోసారి పిలిచేసరికి వాడు సీసాను సముద్రంలోకి విసిరేసి మోకాళ్ళ మీద పడ్డాడు. ఎవరూ ముట్టుకోకుండానే ఇంజను లేచింది. "ఆ దాహం ఆ క్షణమే ఎండిపోయింది." ఈ చివరి వాక్యం నాకు ఎంతగా నచ్చిందో చెప్పలేను. వాడి చేత పదిసార్లు అనిపించాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నేర్పాను.

మరి ఆస్పత్రి మాట, అని వాడడిగాడు. అది చెబితే కథ నీరసపడిపోతుందన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే, గొంతు సంగతి ఎలాగో క్షమించొచ్చేమో. భక్తిలో కొంచెం ఎక్కువ చెప్పినవాళ్ళు లోకంలో లేకపోలేదు. కానీ ఆ చివరి వాక్యం? పొద్దున్నే మాత్ర మింగి, షెడ్డుకు వెళ్ళే దారిలో వైన్‌షాపు రాకుండా వీధి మార్చి నడుస్తున్న మనిషి చేత, నాకు దాహమే లేదని నలుగురి ముందూ చెప్పించడం ఎలాంటి పని? అది వాడికి నేను తవ్విన గొయ్యి. తవ్వుతున్నప్పుడు నాకు సరదాగా ఉంది.

కూడికలో వాడు చెప్పాడు. వాడి మాట తక్కువతనమే కథకు బలమైంది. మాటకారి చెబితే సందేహించే జనం, సామేలు తడబడుతూ చెబితే నమ్మారు. ముందు వరుసలో ముసలివాళ్ళు ఏడ్చారు. అయ్యగారు లేచి నిలబడ్డారు. కరుణ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వెనక స్తంభం దగ్గర నిలబడి, వాడితోపాటు పెదాలు కదుపుతూ, ఎక్కడ ఏడుస్తారనుకున్నానో సరిగ్గా అక్కడే ఏడవడం చూశాను. దేవుడి మందిరంలో నిలబడి నాకు కలిగిన ఆనందం ఏమిటో తెలుసా? తమ్ముడు బాగుపడ్డాడన్నది కాదు. కథ పండిందన్నది.

ఆ తర్వాత పిలుపులు వచ్చాయి. లంబాలైన్‌లో ఇళ్ళ కూడికలు, సిప్పీఘాట్‌లో, రెండుసార్లు బోటెక్కి వేరే దీవుల్లో ఉన్న తెలుగువాళ్ళ దగ్గరికి. తాగే మొగుళ్ళున్న ఆడవాళ్ళు వాడి చేతులు పట్టుకుని ఏడ్చేవారు. వెళ్ళే ప్రతిచోటికీ నేను కొంచెం మెరుగుపెట్టేదాన్ని. ఒకసారి డింగీ చుట్టూ డాల్ఫిన్లు కూడా వచ్చి నిలబడ్డాయని చెప్పమన్నాను. అక్కా, డాల్ఫిన్లొద్దు, నాకే నవ్వొచ్చెస్తాది అన్నాడు. ఆ ఒక్కటీ మానుకున్నాను.

ఒకరోజు ఆస్పత్రి లైనులో వాణ్ణి మా మందిరం మనిషి ఒకాయన చూశాడు. దేవుడు బాగుచేశాక ఇంకా ఈ లైనెందుకు భయ్యా అని అడిగాడట, మంచిగానే, నవ్వుతూ. సామేలు వచ్చి నాకు చెప్పాడు. నేను కాసేపు ఆలోచించి, కొన్నాళ్ళు అటు వెళ్ళకు అన్నాను. మందులయిపోతాయి కదా అన్నాడు. నేను తెస్తానన్నాను. ఒకసారి వెళ్ళాను. మందు మింగే మనిషే రావాలన్నారు. మళ్ళీ వెళ్ళలేదు. పొద్దున్నే జంగ్లీఘాట్ వెళ్ళడమూ ఏదో ఒక వంకతో తగ్గి ఆగిపోయింది. వాడు బాగానే ఉన్నాడు కదా అనిపించింది. ఎందుకలా అనిపించింది? ఇది రాయడానికే నాకు తల కొట్టేసినట్టుంది. ఊరందరితోపాటు నేను కూడా నా కథను నమ్మాను.

ఇంక ఆ ఆదివారం.

మధ్యాహ్నం భోజనాల వేళ. సాయంత్రం లంబాలైన్‌లో పెద్ద కూడిక, బయటి నుంచి కూడా జనం వస్తారు, సామేలు సాక్ష్యం ఉంది. నేను వాడి చొక్కాకు గుండీ కుడుతున్నాను. వాడు గుమ్మంలోంచి వచ్చి ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం దిగుతోంది, వినబడలేదు. ఏమిటన్నాను. విమానం వెళ్ళేదాకా ఆగి, రెండోసారి చెప్పాల్సి వచ్చింది పాపం.

"నిన్న తాగీసేనక్కా."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

"ఎవులైనా చూసేరేటి?"

వాడు నా ముఖం వైపు కాసేపు చూశాడు. వేరే మాట కోసం వచ్చినట్టున్నాడు.

"ఎవులూ చూళ్ళేదు. షెడ్డులో నానొక్కడినే. సగం క్వార్టరు. మిగతాది పారబోసీసేను."

"మరైతే సరే."

"సరే ఏటక్కా? దీదీ చెప్పింది కదేటి, అదే రోజు చెప్పీమని. అప్పుడే ఒక రోజు లేటయిపోయింది. అయ్యగారికి చెప్పీస్తాను. సాయంత్రం నిలబడి అందరికీ చెప్పీస్తాను."

"ఏటని చెప్తావు? దేవుడు పేరెట్టి పిలిచినోడు మళ్ళీ తాగేడనా?"

"నన్నెవులు పిలిచేరక్కా. అది నువ్వు కుట్టిందే కదా."

"కుట్టింది నేనే. తొడుక్కుని ఊరంతా తిరిగింది నువ్వు. ఇప్పుడు నడిబజార్లో ఇప్పేస్తానంటే ఎలా? కరుణ ముఖం ఎలా చూస్తావు?"

వాడు గుమ్మం చెక్క మీద గోరుతో గీస్తూ నిలబడ్డాడు.

"ఈ ఒక్కసారికి ఊరుకో. మళ్ళీ ముట్టకు, బస్. ముట్టకపోతే అబద్ధమే కాదు కదా."

"మరి నిన్నటిదేటి చెయ్యను?"

నేను వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోంచి నాలుగు లవంగాలు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. నమలమన్నాను. వాసన రాదన్నాను. నిన్నటి వాసన అప్పటికే పోయి ఉంటుంది. అయినా పెట్టాను. ఎందుకు పెట్టానో ఆరేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. వాడు వాటిని నోట్లో వేసుకుని, గుండీ కుట్టిన చొక్కా తీసుకుని, బుద్ధిగా వెళ్ళాడు.

ఆ సాయంత్రం వాడు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. దాహం ఎండిపోయిందన్న దగ్గర కన్నీళ్ళు కారాయి. జనం పరిశుద్ధాత్మ దిగివచ్చిందనుకున్నారు. ఆ కన్నీళ్ళు ఎక్కడివో ఆ పందిట్లో నాకొక్కదానికే తెలుసు. నేను కూడా స్తోత్రం అన్నాను, అందరితోపాటు.

వాడు తాగింది నావల్ల అని నేననను. అలా అంటే అది కూడా నా మార్కు కథే అవుతుంది, నేరాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి మీ చేత అయ్యో అనిపించుకోవడం. వాడు నాకంటే ముందు నుంచీ తాగేవాడు. మాత్రలు మింగుతున్నా జారేవాడేమో. కానీ జారినవాడు లేచే దారి ఒకటుంది, వాడికది తెలుసు, ఆ దారినే నడిచి మా గుమ్మంలోకి వచ్చాడు. దాన్ని మూసింది నేను. దాచడం నేర్పింది నేను, లవంగాలతో సహా.

తర్వాత వాడు నాకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ముఖాలు చూసుకుంటే తెలిసిపోతుందని చూసుకోవడం తగ్గించాం. మా మందిరంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఇస్తారు, రొట్టె ముక్క, ద్రాక్షరసం. తప్పు మనసులో పెట్టుకుని దాన్ని ముట్టకూడదని చిన్నప్పటి నుంచి మాకు భయం. ఆ నెల పళ్ళెం తన ముందుకు వచ్చినప్పుడు సామేలు చెయ్యి లేవలేదు. ఆడవాళ్ళ వైపు రెండు వరుసల వెనక నుంచి నేను చూస్తున్నాను. వాడు మెల్లిగా తల తిప్పి నన్ను చూశాడు. తీసుకో అన్నట్టు కళ్ళతో సైగ చేశాను. పక్కవాళ్ళు గమనిస్తారని. వాడు తీసుకున్నాడు.

ఏడాది గడిచాక, ఒక రోజు పొద్దున్న పది గంటలకు, రేవులో చేపలు దించుకునే జనమంతా చూస్తుండగా, సామేలు విప్పిన ఇంజను పక్కన పడిపోయాడు. చొక్కా లోపలి నుంచి సీసా దొర్లింది.

మా వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మామూలు తాగుబోతు మళ్ళీ పడితే జాలిపడతారు, ఇంటికి మోసుకొచ్చి పడుకోబెడతారు. కానీ దేవుడి గొంతు చెవులారా విని, మూడుసార్లు పిలిపించుకుని, ఆ తర్వాత కూడా తాగినవాడి మీద జాలి ఎలా పడాలి? కక్కినదాని దగ్గరికి తిరిగెళ్ళిన కుక్క అని ఒక పెద్దాయన మెల్లిగా అన్నాడు, అది బైబిల్లో ఉన్న మాటే. అయ్యగారు రెండుసార్లు ఇంటికొచ్చి కూర్చున్నారు. సామేలు నోరు విప్పలేదు. అదంతా మా అక్క కట్టిన కథండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. కరుణతో కూడా అనలేదు. నేను ఆ పక్కనే టీ గ్లాసులు పట్టుకుని నిలబడి, అంటాడేమోనని భయపడ్డాను. అననందుకు, దేవుడు నన్ను క్షమించకపోయినా సరే, హమ్మయ్య అనుకున్నాను.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్దాం పదమని బతిమాలాను. ఈసారి నిజంగానే బతిమాలాను. నాలాంటోడికి ఆస్పత్రి మందు పనిచెయ్యదక్కా అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు. తాగుబోతు బద్ధకం అనుకున్నాను.

అర్థం కావాల్సిన సంగతి తర్వాత తెలిసింది. వాడు ఎవరిదో డింగీ తీసుకుని ఒక్కడే హార్బరు దాటి వెళ్ళడం మొదలుపెట్టాడు. వల ఉండేది కాదు, గాలం ఉండేది కాదు. ఇంజను ఆపేసి కూర్చునేవాడట. రెండుసార్లు వేటకెళ్ళి వస్తున్నవాళ్ళు చూసి, ఎండకు కమిలిపోయి ఉన్నవాణ్ణి తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను చెడిపోయిందా అని అడిగితే లేదన్నాడట. పిచ్చి పట్టిందన్నారు. నేనూ అదే అన్నాను.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నాలో నేను ఎన్నోసార్లు అనుకున్నవే. రాయడానికి చెయ్యి రానిది ఇది.

చివరికి కాలేయం పాడై, పొట్ట ఉబ్బి, వాడు ఆస్పత్రిలో మంచాన పడ్డాడు. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తున్నాను. కరుణ కిటికీ దగ్గర ఉంది. వాడు కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అక్కా, ఆ గొంతు మళ్ళీ ఎందుకు రాలేదు?"

హాస్యమాడుతున్నాడనుకున్నాను. వాడి కళ్ళు చూశాను. హాస్యం కాదు.

"ఎన్నిసార్లు ఎల్లేనో. ఇంజనాపీసి కూసున్నాను. ఒక్కసారైనా పిలవలేదు. ఇంక నన్ను ఒగ్గీసేడేటి?"

ఒకప్పుడు నన్నెవులు పిలిచేరక్కా అన్నవాడు. ఊరూరా చెప్పీ చెప్పీ, తాగీ తాగీ, ఎప్పుడో ఒకరోజు వాడికి అది జరిగిపోయింది. జరగనిదాన్ని నమ్మి, అది మళ్ళీ జరగలేదని కుమిలిపోతున్నాడు. ఒక్క వాక్యం చాలు. పిలవలేదురా, నేనే కట్టాను, నిన్నెవరూ వదిలెయ్యలేదు అంటే చాలు. నా జీవితంలో నా నోటికి అంత విలువైన పని ఎప్పుడూ దొరకలేదు. పక్కన కరుణ ఉంది కదా, ఎలా చెప్పను అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ కరుణ ఆ తర్వాత నీళ్ళ సీసా నింపుకురావడానికి బయటికి వెళ్ళింది. చాలాసేపు వెళ్ళింది. అప్పుడు కూడా చెప్పలేదు.

"వస్తాదిలే. కళ్ళు మూసుకో" అన్నాను.

మూసుకున్నాడు. వింటున్నవాడి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది వాడి ముఖం. నాలుగు రోజులకు పోయాడు.

పోయిన నెలలో సిప్పీఘాట్ వెళ్ళాను. కరుణ ఇప్పుడు అక్కడే అన్నదమ్ముల దగ్గర ఉంటోంది. పెరట్లో పీట వేసుకుని బీరకాయలు చెక్కు తీస్తోంది. నేను నిలబడే మొదలుపెట్టాను, కూర్చుంటే చెప్పలేనని. సాక్ష్యం ఎవరు కట్టారో, ఆ ఆదివారం మధ్యాహ్నం ఏం జరిగిందో, ఆస్పత్రిలో వాడు అడిగినదానికి నేనేం చెప్పానో, అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆపలేదు. చెక్కు తీసిన కాయనే మళ్ళీ మళ్ళీ తీస్తూ, లోపలి గుజ్జు దాకా వచ్చేసింది.

"ఈ మాట ఆయనకి చెప్పేవా వదినా?"

లేదన్నాను.

"మరి నాకెందుకు చెప్తున్నావు?"

ఆమే మళ్ళీ అంది. "దేవుడు పిలిస్తే కాదన్న మనిషని ఆయన్ని ఎన్ని మాటలన్నానో నీకు తెల్దు. మంచం మీదున్నప్పుడు కూడా అన్నాను. ఇప్పుడవన్నీ నానెవరికి చెప్పుకోను?" ఏడవలేదు. లేచి, తొక్కలు పోగుచేసుకుని, బస్సు టైమయింది, ఎల్లు వదినా అంది. మంచినీళ్ళు ఇవ్వలేదు. అడిగే ముఖం నాకూ లేదు.

దించుకుందామని వెళ్ళి, ఆమె మీద ఇంకో బరువు పెట్టి వచ్చాను. అదీ నేను చేసిన పనే. బస్సులో వస్తూ, ఇంక ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. వారం తిరక్కుండానే ఈ కాగితాలు ముందేసుకున్నాను. కరుణ చదివితే గుర్తుపడుతుంది. మా మందిరం వాళ్ళు చదివినా గుర్తుపడతారు. పట్టనీ. సామేలును కుక్కతో పోల్చిన ఆ పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడు, ఆయన కూడా చదవాలి.

సముద్రం మీద మా తమ్ముణ్ణి ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పిలిచి వదిలెయ్యడమన్నది అసలు జరగలేదు. వాడు ఏ దేవుణ్ణీ కాదనలేదు. తాగాడు, కష్టపడి మానాడు, ఒకరోజు జారాడు, మర్నాడే నడిచొచ్చి తన నోటితో చెప్పాడు. చెప్పనివ్వంది నేను.

రాయాల్సింది చివరిదాకా వచ్చింది. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది. నాకు దక్కింది అంతే, అది కూడా ఎక్కువేనేమో.